బుజ్జికి, ఏమీ తోచక

బుజ్జీ,

ప్రత్యేకంగా రాయాల్సిందేమీ లేదు. కళ్లజోడు మార్చాను. అమ్మ మోకాలు కాస్త నయం. మూడు వారాలుగా నీ ఫోన్ లేదని కాదు, ఊరికే రాస్తున్నా. పద్మత్త ఏదో అంది. మీ పరిశోధన పేపర్‌లో నీ పేరు వెనక్కి జరిపారనీ, నువ్వు పీహెచ్‌డీ వదిలేస్తానంటున్నావనీ. అత్త మాటల్లో సగం తీసేసి వినాలని నీకూ తెలుసు. నేనేం అడగట్లేదు.

నిన్న బీరువా సర్దుతుంటే నా పాత పాఠాల పుస్తకం దొరికింది. 'పల్సార్లు కనుక్కున్నది: ఆంటొనీ హ్యూయిష్' అని నా దస్తూరీ. పల్సార్లంటే గడియారంలా తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాలని, ఏళ్ల తరబడి క్లాసులో అలాగే చెప్పాను. "మరి ఆ కాగితాలన్నీ ఎవరు చూశారు నాన్నా?" అని అడిగింది నువ్వే, తొమ్మిదో తరగతిలో.

చూసింది జోసెలిన్ బెల్. 1967, కేంబ్రిడ్జ్, నీలాగే పీహెచ్‌డీ పిల్ల. ఆ రేడియో టెలిస్కోప్ కట్టడంలోనూ ఆమె చెయ్యి ఉంది. రోజుకు దాదాపు 30 మీటర్ల చార్టు కాగితం, అంతా కంటితోనే చూడాలి. అందులో చిన్న గీతలేవో తేడాగా కనిపించాయి. మనుషుల యంత్రాల గోల అయ్యుంటుందన్నాడు ఆమె గైడ్ హ్యూయిష్. ఈమె వదల్లేదు. కాగితాన్ని వేగంగా నడిపి చూస్తే 1.3 సెకన్లకోసారి, తప్పకుండా, ఒక్కో గంతు. ఆ డిసెంబర్‌లో ఆకాశంలో ఇంకోచోట అలాంటిదే ఉందని అనుమానమొచ్చి అర్ధరాత్రి దాటాక వెళ్తే, చలికి పరికరం మొరాయించింది. దాని మీద వేడి ఊపిరి ఊది, తిట్లు తిట్టి, ఐదంటే ఐదు నిమిషాలు పని చేయించింది. రెండో పల్సార్ ఆ ఐదు నిమిషాల్లోనే చిక్కింది. చలంటే గుర్తొచ్చింది, ఆ స్వెటర్ వేసుకుంటున్నావా, పెట్టెలోనే ఉందా?

1968 పేపర్‌లో ఐదు పేర్లు, ఆమెది రెండోది. 1974 నోబెల్ హ్యూయిష్‌కీ, అక్కడే పనిచేసే మార్టిన్ రైల్‌కీ. విద్యార్థులకు ఇవ్వకపోవడమే సబబని తర్వాత ఆవిడే అంది. ఆవిడ పెద్దమనసు ఆవిడది, నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. రెండో పేరు, మూడో పేరు... నీదెన్నోదో నేనడగట్లేదు.

లెక్చర్ వద్దనే అనుకున్నా. కానీ చూడు, 1903లో నోబెల్‌కి పంపిన సిఫారసులో మేరీ క్యూరీ పేరే లేదు. సంగతి తెలిసి ఆవిడ భర్త పియరీ ఉత్తరం రాశాడు కాబట్టి చేరింది. కేంద్రక విచ్ఛిత్తి, అంటే అణువు కేంద్రకం రెండుగా చీలడం, ఎలా జరుగుతుందో లెక్క తేల్చిన లీజ్ మైట్నర్‌కి ఆ అదృష్టం లేదు. 1944 బహుమతి ఆమెతో కలిసి పనిచేసిన ఒట్టో హాన్ ఒక్కడికే. కాబట్టి పేరెందుకు జరిగిందో మీ గైడ్‌నే అడుగు. ఏడుపొస్తే ముందే ఏడ్చేసి వెళ్లు. నోటుబుక్కులో ప్రతి పేజీకీ తేదీ వెయ్యి. ఎవరేం చేశారో మీటింగ్ అవగానే మెయిల్ పెట్టు. వదిలేయడం సంగతి తర్వాత చూద్దాం.

నా పుస్తకంలో హ్యూయిష్ పేరు కొట్టేసి పైన 'జోసెలిన్ బెల్' అని నువ్వు పెన్సిల్‌తో రాసింది ఇంకా చెరగలేదు. అప్పుడు నా పుస్తకం పాడుచేశావని కేకలేశాను కూడా.

వేళకు తిను. ఆదివారం అమ్మ ఫోన్ దగ్గరే ఉంటుంది. నేనూ ఉంటాను, అక్కడే ఏదో చదువుకుంటూ.

నాన్న