నోటుబుక్కు ఖాళీగా ఉంది, మరి ఏం నేర్చుకున్నట్టు?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మీటింగు అయిపోయి కుర్చీలు లోపల పెట్టిస్తుంటే, రెండో తరగతి బాబు వాళ్లమ్మ గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. పదిమందిలో అడగడానికి మొహమాటపడినట్టుంది. "మేడం, బడి తెరిచి ఇన్ని దినాలాయె. మావోని నోటుబుక్కుల నాలుగు పేజీలు కూడ నిండలే. పక్కింటి పాప కాన్వెంటుకు పోతది, గప్పుడే మూడు బుక్కులు నింపింది. మరి ఇక్కడ ఏం చెప్తున్నరు?" అంది.

ఆ అమ్మ అడిగిన తీరులో కోపం లేదు, భయం ఉంది. పొద్దున్నే నాలుగిళ్లలో పని చేసుకుని, సగం రోజు కూలి వదులుకుని మీటింగుకు వచ్చిన మనిషి. నిలబడిన చోటే ఏదో చెప్పి పంపించాను గానీ, ఆ జవాబు నాకే చాల్లేదనిపించింది. అందుకని ఈ నెల వార్తాలేఖలో ఫొటోలు, బహుమతుల ముచ్చట్లు పక్కన పెట్టి ఈ ఒక్క సంగతే రాస్తున్నాను. చదవడం రాని వాళ్లు పిల్లలతో చదివించుకోండి. వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో మీకూ తెలుస్తుంది.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నోటుబుక్కులు నింపించడంలో నన్ను మించినవాళ్లు లేరు. అప్పట్లో వేరే జిల్లాలో పనిచేసేదాన్ని. మూడో తరగతిలో ఒక పిల్లవాడు పాఠం చదువుతుంటే ముచ్చటేసేది, ఎక్కడా ఆగేవాడు కాదు. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారికి గొప్పగా వాడినే లేపి చూపించాను. వాడు గడగడా చదివాడు. ఆయన అంతా విని, పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అన్నారు. వాడు ఆ మాట చూడలేదు. కళ్లు మూసుకుని, పాఠం మొదటి నుంచి గొణుక్కుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగి చెప్పాడు. అధికారి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రెండేళ్లుగా నా క్లాసులో ఉన్న పిల్లవాడికి చదవడం రాదని నాకు తెలియలేదు. వాడి నోటుబుక్కు మాత్రం నిండుగా ఉండేది, ప్రతి పేజీకీ నా ఎర్ర ఇంకు "గుడ్" కూడా.

ఇక మన బడి సంగతి. ఒకటి, రెండు తరగతుల్లో తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, అంతే. మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం కలుస్తుంది. పుస్తకాలు లెక్కపెడితే తక్కువే.

ఒకటో తరగతిలో "అ ఆ ఇ ఈ" వరసగా ఎందుకు దిద్దించరని చాలామంది అడుగుతారు. తల, వల, పలక, కల లాంటి మాటలు బొమ్మతో చూపించి, ఆ మాటల్లోంచి అక్షరం బయటికి తీస్తాం. "ల" అనేది "అల"లో ఉంది, "పలక"లో ఉంది అని పిల్లలే పట్టుకుంటారు. నాలుగైదు అక్షరాలు రాగానే కొత్త మాట చదవగలుగుతారు. యాభై ఆరు అక్షరాలూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. "అమ్మ" తేలిగ్గానే వస్తుంది, "పుస్తకం" దగ్గర బండి ఆగుతుంది. (ఈ మధ్య పేర్లు పెట్టేటప్పుడు కొంచెం ఆలోచించండి. మూడంతస్తుల ఒత్తులున్న పేరుతో వచ్చిన పసిపిల్ల తన పేరు తాను రాసుకోవడానికి ఏడాది పడుతోంది.)

మూడో తరగతి పూర్తయ్యేసరికి తెలియని పాఠమైనా నిమిషానికి అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలనేది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. మన తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పునాది కోసమే. నేను మాత్రం గడియారం పెట్టి పరుగెత్తించను. మాటల లెక్క అన్ని భాషలకూ ఒకటి కాదు. ఇంగ్లీషులో "ఇన్‌టు ద హౌస్" అంటే మూడు మాటలు, మనకు "ఇంట్లోకి" ఒక్కటే. చదివాక "ఇంట్లోకి ఎవరు వచ్చారు?" అంటే చెప్పగలిగితే నాకు చాలు.

లెక్కల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నోటుబుక్కు ఎక్కువగా ఖాళీగా కనిపించేది అక్కడే. మొన్నటి ఎఫ్ఏ-1లో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో మొదటిదానిలో, మూడో తరగతికి 42లోంచి 17 తీసివేయమని ఇచ్చాం. సగానికి సగం మంది 35 అని రాశారు. ఏం చేశారో చూడండి: 7లోంచి 2 పోతే 5, 4లోంచి 1 పోతే 3. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశారు, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది చూడలేదు. "పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో" అని మనం చిన్నప్పుడు బట్టీ పట్టినట్టు వీళ్లతోనూ పట్టిస్తే పది నిమిషాల్లో అందరి పేపర్లలో 25 వస్తుంది. వారం తర్వాత మళ్లీ 35 వస్తుంది.

అందుకని మూడో తరగతి టీచర్ ఏం చేసిందంటే, చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టింది. ఒక అమ్మాయికి నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి "నాకు పదిహేడు ఇవ్వు" అంది. ఆ పిల్ల ఒక కట్ట ఇచ్చేసింది. ఇంకా ఏడు ఇవ్వాలి, చేతిలో విడిగా ఉన్నవి రెండే. నిలబడిపోయింది. టీచర్ మొహం చూసింది, కట్టల వైపు చూసింది. వెనక బెంచీ నుంచి ఎవరో చెప్పబోతే టీచర్ వేలు చూపించి ఆపేసింది. చాలాసేపటికి ఆ పిల్ల మెల్లగా "కట్ట విప్పాల్నా టీచర్?" అంది. "నీ ఇష్టం" అంది టీచర్. రబ్బరు బ్యాండు తీసింది, పుల్లలు బల్ల మీద పరుచుకున్నాయి. పన్నెండు లెక్కపెట్టుకుంది, ఏడు ఇచ్చింది. మిగిలినవి రెండు కట్టలు, ఐదు పుల్లలు.

పీరియడ్ మొత్తం దీనికే పోయింది. ఆ రోజు నోటుబుక్కులో రాసింది ఒక్క లెక్క. మీరు సాయంత్రం చూసిన ఖాళీ పేజీ అదే.

ఇంకో ముచ్చట. నాలుగో తరగతిలో ఒకబ్బాయి, సాయంత్రం పూట వాళ్ల నాన్న కూరగాయల బండి దగ్గర కూర్చుంటాడు. కిలో టమాటా 32 రూపాయలైతే పావుకిలో ఎంత అంటే రెప్ప వేయకుండా "ఎనిమిది" అన్నాడు. యాభై నోటు ఇస్తే చిల్లర ఎంత అంటే "నలభై రెండు". అదే 50లోంచి 8 తీసివేయమని బోర్డు మీద రాస్తే 58 అని వేశాడు. "యాభై ఇచ్చినోనికి యాభై ఎనిమిది తిరిగిస్తవా? మీ నాయన బండి మూసుకోవాల్సిందే" అన్నాను. వాడే ముందు నవ్వాడు. తర్వాత తుడిచేసి సరిగ్గా వేశాడు. వాడికి లెక్క వచ్చు. బండి మీది లెక్కా, బోర్డు మీది లెక్కా ఒకటేనని ఎవరూ చెప్పలేదు. ఆ పని మాది, ఇన్నాళ్లు ఆలస్యం చేసింది కూడా మేమే.

మధ్యాహ్న భోజనం కూడా మాకు పాఠమే. ప్రాథమిక తరగతుల పిల్లలకు మనిషికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు లెక్క. ఐదో తరగతి పిల్లలు వంతులవారీగా హాజరు తీసుకొచ్చి లెక్క కడతారు. 132 మంది వచ్చారంటే బియ్యం 13 కిలోల 200 గ్రాములు, పప్పు 2 కిలోల 640 గ్రాములు. ఒకరోజు దశాంశ బిందువు జారిపోయి పప్పు 26 కిలోలని తేల్చారు. వంటమ్మ "గిన్నె యాడికెళ్లి తేవాలె బిడ్డా?" అంది. దశాంశాలు ఆ రోజు అర్థమైనంత బాగా నేను బోర్డు మీద ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఇంగ్లీషు గురించి అడగని తల్లిదండ్రులు లేరు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటుంది. "తెలుగు పేజీ చింపేస్తే అయినా ఇంగ్లీషు చదువుతాడేమో" అని ఒక నాన్న సరదాగానే అన్నారు. సరదాగా అన్నా నాకు నచ్చలేదు. తెలుగు పేజీలో విషయం తెలుసుకున్న పిల్ల ఎదురు పేజీలో ఇంగ్లీషు మాటను ఊహించి పట్టుకుంటుంది. ఏ భాషలోనూ చదవడం రాని పిల్లకు ఇంగ్లీషు ఒక్కటే ఎలా వస్తుంది? పైగా మన బస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, పనికోసం ఒడిశా నుంచి, మరాఠా జిల్లాల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఒకటో తరగతిలో "నీళ్లు" అనగానే "పానీ" అన్నది ఒకరు, "పాణి" అన్నది ఇంకొకరు. టీచర్ మూడూ బోర్డు మీద తెలుగు లిపిలోనే రాసి, పక్కన "వాటర్" చేర్చింది. ఇంటి భాష మానెయ్యమని మేం ఎవరికీ చెప్పం. మీరు కూడా మానొద్దు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి పరిసరాల విజ్ఞానం సంగతి. "మన ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" అని నాలుగో తరగతిని అడిగితే ముక్తకంఠంతో వచ్చిన జవాబు "ట్యాంకర్ల!" అబద్ధమూ కాదు. అక్కడి నుంచి వెనక్కి నడిపించాం. నల్లా, మూలమలుపు దగ్గరి వాటర్ ట్యాంకు, ఆ ముందు మంజీర, నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వచ్చి మన బిందెలో పడుతున్నాయని తెలిశాక ఒకమ్మాయి నల్లా కట్టేసి వచ్చింది, ఎవరూ చెప్పకుండానే.

ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మంటే ఒక నానమ్మ గండిపేట కథంతా చెప్పి పంపింది. గండిపేట నీళ్లు తాగినోళ్లు ఈ ఊరు విడిచి పోరంట. దాన్ని పట్టుకుని 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద దాకా వెళ్లాం. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే), ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. వరద రోజు దాదాపు 150 మంది దాని మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆదివారం వీలుంటే పిల్లలకు ఆ చెట్టు చూపించి రండి, బస్సు ఖర్చు తప్ప ఏమీ కాదు. వచ్చే పాఠం పూలు, ఆకుల మీద. బతుకమ్మ ముందర ఉంది కాబట్టి తంగేడు, గునుగు ఇంటికి తెచ్చినప్పుడు ఒక్కో కొమ్మ బడికి పంపితే పాఠం అక్కడే మొదలుపెడతాం.

పరీక్షల గురించి రెండు మాటలు. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, రెండు ఎస్ఏలు (పెద్ద పరీక్షలు). ఎఫ్ఏ అంటే పేపరు ఒక్కటే కాదు, క్లాసులో మాట్లాడింది, సొంతంగా రాసింది, ప్రాజెక్టు చేసింది, చిన్న పరీక్ష, అన్నీ కలుస్తాయి. ఎఫ్ఏ-1లో గ్రేడు తక్కువ వచ్చిందని పిల్లలను కొట్టినట్టు ఇద్దరి ఒంటి మీద వాతలు చూశాను. ఆ ఇద్దరి ఇళ్లకూ నేనే వస్తాను, మాట్లాడుకుందాం.

మిమ్మల్ని గట్టిగా అడిగేది హాజరు ఒక్కటే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. అంటే రోజుకు నాలుగు గంటలు. ఊళ్లో పెళ్లి రెండు రోజులైతే మనం వారం ఉంటాం, వచ్చేటప్పటికి కట్ట విప్పే పాఠం అయిపోయి ఉంటుంది. ఆ పిల్లకు మళ్లీ పుల్లలిచ్చి కూర్చోబెట్టడానికి టీచర్‌కు వేరే గంట దొరకదు.

ట్యూషన్‌కు పంపమని నేను చెప్పను. రాత్రి అన్నం తినేటప్పుడు ఆ రోజు బడిలో ఏం జరిగిందో చెప్పమనండి, మధ్యలో ఆపకండి. దుకాణానికి పంపితే చిల్లర లెక్క వాళ్లనే అడగండి. సిటీ బస్సు దగ్గరికి వచ్చేలోపు దాని బోర్డు చదవమనండి. బస్సు ముందే వెళ్లిపోతే పోనీండి, ఇంకోటి వస్తుంది.

వచ్చే మూడో శనివారం మీటింగులో ఉపన్యాసాలు ఉండవు. మూడో తరగతి గదిలో బల్లల మీద పుల్లల కట్టలు పెడతాం, 42లోంచి 17 మీతోనే తీయిస్తాం, మీ పిల్లలు పక్కన నిలబడి చూస్తారు. ఆ రెండో తరగతి బాబు వాళ్లమ్మ తప్పకుండా రావాలి. చీపురు పుల్లలు అయిపోయాయి, రబ్బరు బ్యాండ్లు తెగిపోయాయి. ఇంట్లో పాత చీపురు, ఐస్‌క్రీం పుల్లలు, కూరగాయల కట్టలకు వచ్చే రబ్బరు బ్యాండ్లు ఉంటే పారేయకుండా పట్టుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు