సగంలో ఆపేసినవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈ మధ్య పేపర్లో, ఫోన్లో ఎక్కడ చూసినా డిప్రెషన్‌కీ యాంగ్జైటీకీ ఎవరికి వాళ్ళే ఇంట్లో కూర్చుని చేసుకునే ప్రోగ్రాముల గురించే, యాప్ అనీ ఆరు వారాల కోర్సు అనీ వర్క్‌బుక్ అనీ, పక్కనే పెద్ద అక్షరాల్లో మా దగ్గర చేరినవాళ్ళలో ఇంత శాతం మందికి తగ్గిపోయింది అని. ఇవన్నీ వేస్ట్ అని రాయట్లేదండి, నాక్కూడా ఒకదాని వల్ల కొంచెం మేలే జరిగింది. నా గోలంతా ఆ శాతం గురించే, అది ఎంతమందిలో ఎంతమందో ఎవరూ చెప్పరు, మీ రిపోర్టర్లు కూడా అడుగుతున్నట్టు కనపడట్లేదు.

నేను వాడినదాన్నే తీసుకోండి, పేరెందుకులెండి. మొదటి రోజు ఒక ప్రశ్నల ఫారం ఇచ్చారు, చివరి పాఠం అయ్యాక మళ్ళీ అదే ఫారం, మధ్యలో ఎక్కడా అడగలేదు. అంటే రెండో పాఠం దగ్గరే విసుగొచ్చి యాప్ తీసేసినవాళ్ళు, మంచం దిగే ఓపిక కూడా లేక ఆపేసినవాళ్ళు ఆ రెండో ఫారం దాకా రానేరారు కదా. వచ్చేదెవరంటే కాస్తో కూస్తో ఓపిక మిగిలినవాళ్ళు, ఇదేదో పనిచేస్తోందే అనిపించినవాళ్ళు. పరీక్ష మధ్యలో లేచెళ్ళిపోయినవాళ్ళ పేర్లు రిజిస్టర్లో కొట్టేసి పాస్ పర్సంటేజ్ వేసుకున్నట్టుంది యవ్వారం.

ఆపేసేది ఏ నలుగురైదుగురో అయితే పోనీలే అనుకోవచ్చు. 93 మెంటల్ హెల్త్ యాప్‌లని జనం నిజంగా ఎన్నాళ్ళు వాడుతున్నారో 2019లో ఒక స్టడీలో చూశారు, 15 రోజులు దాటాక ఇంకా యాప్ తెరుస్తున్నవాళ్ళు మీడియన్ లెక్కన (అంటే అన్నిటినీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) 3.9 శాతం, నెల దాటేసరికి 3.3. డౌన్‌లోడ్‌లు లక్షల్లో ఉన్నాయి అని గొప్పగా వేస్తారే, ఆ అంకెకి అర్థం ఇంతే.

లెక్క సరిగ్గా చేస్తే ఏమవుతుందో 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన రీయాక్ట్ అనే ట్రయల్‌లో చూడొచ్చు. డిప్రెషన్ ఉన్న 691 మందిని మూడు గ్రూపులు చేశారు, ఒక గ్రూపుకి మామూలు డాక్టర్ చూడటం, మిగతా రెండింటికీ దాంతో పాటు కంప్యూటర్లో చేసుకునే సీబీటీ (ఆలోచించే తీరునీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స) ప్రోగ్రాం, బీటింగ్ ద బ్లూస్ ఒకరికి, మూడ్‌జిమ్ ఇంకొకరికి. రెండూ అప్పటికే బాగా పేరున్నవే. నాలుగు నెలల తర్వాత చూస్తే మామూలు డాక్టర్ దగ్గర ఉన్నవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కారణం బహుశా ఇది, మీడియన్ లెక్కన మొదటిదాంట్లో రెండు సెషన్లు, రెండోదాంట్లో ఒక్కటి మాత్రమే చేశారు. ఆపేశారు కదా అని వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యలేదు, అందుకే ఆ రిజల్ట్ అలా వచ్చింది, నాకు ఆ ట్రయల్ మీద గౌరవం కూడా అందుకే.

ఇక ఎవరితో పోల్చారు అనేది. మనిషి ఇలాంటి ప్రోగ్రాంలో చేరేది బాగా దిగజారిపోయి ఉన్నప్పుడే, అక్కడినుంచి ఏమీ చెయ్యకపోయినా కొంతమందికి దానంతటదే కాస్త తేలికవుతుంది. ఏ ట్రీట్‌మెంటూ తీసుకోని పెద్దవాళ్ళలో మూడు నెలల్లో దాదాపు 23 శాతం మందికి, ఏడాదిలో 53 శాతం మందికి డిప్రెషన్ తగ్గిపోతుందని 2013లో ఒక అంచనా వచ్చింది. కాబట్టి ఎవరైనా మూడు నెలల్లో పాతిక శాతం మందికి తగ్గించాం అంటే, ప్రోగ్రాం చెయ్యనివాళ్ళ గ్రూపు ఒకటి పక్కన లేకపోతే అందులో వాళ్ళ గొప్ప ఎంతో తెలిసే దారే లేదు. అలాగని మొత్తం కొట్టిపారెయ్యక్కర్లేదు. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా చేసుకునే ఇంటర్నెట్ సీబీటీ మీద 13 ట్రయల్స్‌లో దాదాపు 3,900 మంది డేటా కలిపి 2017లో చూస్తే మేలు చిన్నదే కానీ నిజంగానే ఉంది. కాస్త తీవ్రంగా ఉన్నవాళ్ళకైతే వెనకాల ఒక మనిషి ఉండి మెసేజో ఫోనో చేస్తూ ఉంటే ఇంకా బాగా పనిచేస్తోందని తర్వాత 2021లో తేలింది.

ఆ ప్రశ్నల ఫారం సంగతి కూడా చెప్పాలి. చాలా చోట్ల వాడేది పీహెచ్‌క్యూ-9 అని, తొమ్మిది ప్రశ్నలు, పోయిన రెండు వారాల్లో ఎంత తరచుగా అని అడుగుతారు, అస్సలు లేదు అంటే 0, దాదాపు రోజూ అంటే 3, మొత్తం 27. యాంగ్జైటీకి జీఏడీ-7, దానికి 21. మంచి ఫారాలే, తిరకాసంతా వాడే తీరులో ఉంది. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్, తగ్గితే లేదు అని గీత గీశారనుకోండి, 10 నుంచి 9కి వచ్చినవాళ్ళు కోలుకున్నట్టు, 24 నుంచి 12కి వచ్చినవాళ్ళు కోలుకోనట్టు! ఒక్క పాయింట్ అంటే రాత్రి సరిగ్గా నిద్రపట్టక మర్నాడు ఫారం నింపినా వస్తుంది పోతుంది. అందుకే ఇంగ్లండ్‌లో 2008 నుంచి నడుస్తున్న ఐఏపీటీ అనే ప్రభుత్వ మానసిక చికిత్స సర్వీసులో (ఇప్పుడు ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్ అంటున్నారు) గీత దాటడం ఒక్కటే చూడరు, పీహెచ్‌క్యూలో కనీసం 6 పాయింట్లు, జీఏడీలో 4 మారితేనే అది నమ్మదగ్గ మార్పు అంటారు. ఇంకా మంచి పద్ధతేంటంటే ఫారం ప్రతి సెషన్‌కీ నింపిస్తారు, మనిషి మధ్యలో మానేసినా అప్పటిదాకా వచ్చిన స్కోరు చేతిలో ఉంటుంది. యాప్‌కి ఇదేం కష్టం చెప్పండి, రోజుకి మూడుసార్లు నోటిఫికేషన్ పంపడానికి లేని ఇబ్బంది వారానికోసారి తొమ్మిది ప్రశ్నలు అడగడానికి వచ్చిందా?

బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ అవ్వగానే నవ్వు మొహం, ఏడుపు మొహం బొమ్మలు చూపించి ఇప్పుడెలా ఉంది అని అడిగే కొలత గురించి నేనేం మాట్లాడను. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటే ఎవరైనా నవ్వు మొహమే నొక్కుతారు.

కాబట్టి నా రిక్వెస్ట్ ఏంటంటే, ఈసారి ఇలాంటి ప్రోగ్రాం మీద ఆర్టికల్ వేసేటప్పుడు మొదలుపెట్టింది ఎంతమంది, చివరి ఫారం నింపింది ఎంతమంది, ప్రోగ్రాం అయిపోయిన ఆరు నెలలకి మళ్ళీ చూశారా లేదా, పోల్చడానికి వేరే గ్రూపు ఉందా, ఇవి అడగండి. చెప్పకపోతే చెప్పలేదు అనే వెయ్యండి, ఆ లైన్ చదివితే మాకు సగం సంగతి అర్థమైపోతుంది.

ఇంకొక్క విషయం. ఆ పీహెచ్‌క్యూ-9 ఫారంలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనలు, తనకి తాను హాని చేసుకోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని. టోటల్ 16 నుంచి 9కి దిగి, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం 0 నుంచి 1కి పెరిగినవాళ్ళు కూడా ప్రకటనలో తగ్గినవాళ్ళ ఖాతాలోనే పడతారు. వాళ్ళని ఎవరైనా విడిగా చూస్తున్నారా, వెంటనే ఒక మనిషితో మాట్లాడిస్తున్నారా లేక తర్వాత పాఠం తెరిచి ఊరుకుంటున్నారా అనేది కూడా కంపెనీలని అడిగి వెయ్యండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకురాలు