ముందు బ్లాక్‌ను గుర్తుపట్టాలి

సంపాదకులకు నమస్కారం.

పాత నాలుగు సిలిండర్ల కారు ఇంజిన్లను పందేలకు సిద్ధం చేయడంపై వచ్చే వ్యాసాలు చాలావరకు కార్బురేటర్ల దగ్గరో కామ్‌షాఫ్ట్ దగ్గరో మొదలవుతాయి. చేతిలో ఉన్న బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ ప్రధాన పోత భాగం) ఏదో తేల్చుకోకుండా ఆ పనికి దిగకూడదని నా గట్టి అభిప్రాయం. అర్ధ శతాబ్దం నాటి కారులో ఇప్పుడున్న ఇంజిన్ మొదట బిగించినదేనన్న హామీ ఏమీ లేదు.

ఫోర్డ్ కంపెనీ కెంట్ ఇంజిన్ల కుటుంబాన్నే చూడండి. 1959 నాటి 997 సీసీ ఇంజిన్‌కూ తర్వాతి 1600 సీసీ ఇంజిన్‌కూ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ఒకటే, సుమారు 81 మి.మీ.; ప్రధాన తేడా స్ట్రోక్‌లోనూ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) బ్లాక్ ఎత్తులోనూ ఉంది. మొదటిదానిలో క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగులు మూడే కాగా, 1962 నాటి 1500 నుంచి అవి ఐదయ్యాయి. అందువల్ల పిస్టన్‌ను మాత్రమే కొలిచి ఇంజిన్‌ను నిర్ధారించలేము. ఇన్‌టేక్ (ఇంధన మిశ్రమం లోపలికి వెళ్లే దారి), ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే దారి) ఒకే పక్కన ఉంటే పాత నమూనా, ఎదురెదురుగా ఉంటే 1967లో వచ్చిన క్రాస్‌ఫ్లో. క్రాస్‌ఫ్లోలలోనూ పోతలోనే '711ఎం' అన్న గుర్తు పడిన బ్లాక్‌కు గిరాకీ ఎక్కువ, ఎందుకంటే దాని మెయిన్ బేరింగ్ క్యాపులు చదరంగా, దృఢంగా ఉంటాయి.

బోర్‌ను 83.5 మి.మీ.కి పెంచితే 1600 ఇంజిన్ దాదాపు 1700 సీసీ అవుతుంది, కానీ ఆ వంద సీసీల కోసం ప్రతి సిలిండర్ గోడ నుంచి చుట్టూ 1.25 మి.మీ. లోహం పోతుంది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగినా ఒక పక్క గోడ పలచనవుతుంది, నీళ్లు తిరిగే వైపు తుప్పు దాన్ని మరింత తినేస్తుంది. అల్ట్రాసోనిక్ పరికరంతో గోడ మందం కొలవకుండా బోరింగ్‌కు ఇవ్వడం మంచి బ్లాక్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే.

వేగం సంగతి ఇంకా ముఖ్యం. ఇంజిన్‌ను నిమిషానికి 6000 చుట్ల నుంచి 7500కు తీసుకువెళితే చుట్లు పెరిగేది పాతిక శాతమే అయినా, కనెక్టింగ్ రాడ్ల మీద పడే జడత్వ బలం 56 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. కాబట్టి డబ్బు ముందు రాడ్ బోల్టులకు, బేరింగులకు, ఆయిల్ సరఫరాకు, బ్యాలెన్సింగ్‌కు వెచ్చించాలి. పెద్ద కార్బురేటర్లు ఆ తర్వాతి మాట. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి ఏ-సిరీస్ ఇంజిన్‌నే తీసుకుంటే, దాని సిలిండర్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ పోర్టులు (మిశ్రమం వెళ్లే ద్వారాలు) రెండే, కాబట్టి అక్కడ కార్బురేటర్ పరిమాణంకంటే పోర్టుల మీద చేసే పనికే విలువ ఎక్కువ.

ఇలాంటి వ్యాసాలు ప్రచురించేటప్పుడు బ్లాక్ మీద గుర్తులు ఎక్కడ ఉంటాయో, ఏ గుర్తు ఏ నమూనాదో ఫొటోలతో సహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు