శనివారం పెళ్లి – టైముకి రండి బాబూ
అందరికీ వందనాలు. పెళ్లి ఆరాధన సరిగ్గా 4 గంటలకే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్లి చేయమంటుంది. సికింద్రాబాద్ ట్రాఫిక్ సంగతి దానికేం తెలుసు పాపం! ఒకసారి పెళ్లికొడుకు కారు ప్యారడైజ్ దగ్గర ఇరుక్కుంటే, క్వయిర్ వాళ్లు వచ్చిన పాటలన్నీ అయిపోయి క్రిస్మస్ పాటలందుకున్నారు. అదీ మే నెలలో.

ఇంకో పెళ్లిలో "అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పండి" అనగానే వెనక బెంచీలో తాతగారొకరు లేచారు. పెళ్లికూతురు నాన్నకి చెమటలు పట్టేశాయి. "ఫ్యాను తిరగట్లేదు అయ్యగారూ" అన్నారాయన. న్యాయమైన అభ్యంతరమే! ఫ్యాను బాగుచేయించాం, భయపడకండి.

సాక్షి సంతకాలు పెట్టే ఇద్దరూ 3:30కల్లా రండి. రిజిస్టర్ పని అయ్యేదాకా బిర్యానీ మూత తీయరు.