మా తత్వశాస్త్ర విద్యార్థులకు జర్నళ్లు ఇప్పించండి: ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను తత్వశాస్త్రంలో పీజీ చివరి ఏడాది చదువుతున్నాను. పరిశోధన వ్యాసాలు అచ్చయ్యే జర్నళ్ల కోసం మా క్లాసు తరఫున పంపిన వినతిపత్రాలు మీ కార్యాలయానికి చేరినట్టు రసీదులున్నాయి, జవాబు మాత్రం రాలేదు. యూనివర్సిటీలో అడిగితే ఫైలు పైకి వెళ్లిందంటారు, పైన అడిగితే యూనివర్సిటీయే చూసుకోవాలంటారు. ఇక దారిలేక అందరి ముందూ రాస్తున్నాను.

సమకాలీన తాత్విక పరిశోధన మీద మా కోర్సులో కొత్త పేపర్ (సబ్జెక్టు) పెట్టినప్పుడు మేమెంత సంతోషించామో మీకు తెలియాలి. ప్లేటో, కాంట్ చదివాక, ఇవాళ్టి తత్వవేత్తలు దేని మీద వాదించుకుంటున్నారో కూడా చదవొచ్చని ఆశపడ్డాం. జర్నళ్లన్నీ విద్యార్థులకు అందేలా చూస్తామని మీరే మాట ఇచ్చారు. పేపర్ వచ్చింది. జర్నళ్లు రాలేదు.

మా ఇబ్బంది ఎలాంటిదో ఒక్క టాపిక్‌తో చెబుతాను. సరైన ఆధారంతో నమ్మిన నిజమే జ్ఞానం అనే నిర్వచనం చాలదని 1963లో అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో చూపించారు. ఆయన చెప్పిన కథలో స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి పోటీపడుతుంటారు. అది జోన్స్‌కే వస్తుందనడానికి స్మిత్ దగ్గర గట్టి ఆధారం ఉంది. జోన్స్ జేబులో పది నాణేలున్నాయనీ తెలుసు. కాబట్టి ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయని నమ్ముతాడు. తీరా ఉద్యోగం స్మిత్‌కే వస్తుంది, అతనికే తెలియకుండా అతని జేబులోనూ సరిగ్గా పది నాణేలే ఉంటాయి. నమ్మింది నిజమే, ఆధారమూ ఉంది. మరి ఆ సంగతి అతనికి ముందే తెలుసనగలమా?

ఈ ప్రశ్న విన్న రోజు బెల్ కొట్టాక కూడా మేము లేవలేదు. కానీ అసలు చర్చ అక్కణ్నుంచే కదా మొదలైంది! కొందరు నిర్వచనానికి ఇంకో షరతు చేర్చబోయారు, దాన్ని దెబ్బతీసే ఉదాహరణలు మళ్లీ పుట్టుకొచ్చాయి. 2000లో బ్రిటిష్ తత్వవేత్త తిమోతీ విలియమ్సన్, జ్ఞానాన్ని అలా ముక్కలు చేసి నిర్వచించే ప్రయత్నమే సరికాదని వాదించారు. 2001లో కొందరు పరిశోధకులు ఇలాంటి కథలను మామూలు మనుషులకు చెప్పి చూసి, జవాబులు సంస్కృతిని బట్టి మారుతున్నాయన్నారు. తర్వాత వేరే పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే ఆ తేడా కనబడలేదు. మాకిచ్చిన జిరాక్స్ నోట్సు మాత్రం 2001 దగ్గరే ఆగిపోయింది. తర్వాత నిలబడని ఆ ఫలితాన్నే బట్టీపట్టి రాస్తే మార్కులు పడుతున్నాయి. పరిశోధన పేరుతో ఇది నేర్చుకోవాలంటే బాధగా ఉంది సార్.

కొత్త వ్యాసాలు వెతికితే దొరకవా అంటారేమో. దొరుకుతాయి. పేరు కనబడుతుంది, అబ్‌స్ట్రాక్ట్ (వ్యాసం సారాంశం) నాలుగు వాక్యాలు కనబడతాయి, ఆ కిందే డబ్బు కట్టమనే బాక్స్. ఒక్క సెమినార్‌కే ఇలాంటివి ఎన్నో కావాలి, ఎవరు కొనగలరు? అబ్‌స్ట్రాక్ట్ చదివి వాదనను ఊహించుకుని వస్తున్నాం. ఈ అభ్యంతరానికి రచయిత ఏం జవాబు చెప్పారని మేడమ్ అడిగితే క్లాసంతా మౌనం. ముగింపు తెలిస్తే సరిపోయే సబ్జెక్టు కాదు ఇది. అక్కడికి ఏ మెట్లు ఎక్కి చేరారు, ఏ మెట్టు బలహీనం అని చూడటమే మా చదువు.

స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం ఉచితమే కదా అని ఒక అధికారి అన్నారు. నిజమే, 1995 నుంచి నడుస్తున్న దాని రుణం మేము తీర్చుకోలేం. కానీ ఎవరు ఏమన్నారో అది పరిచయం చేస్తుంది, మూల వ్యాసం బదులు నిలవదు. కొందరు రచయితలు తమ ముసాయిదాలను ఆన్‌లైన్‌లో పెడతారు. అచ్చయ్యేసరికి వాదనే మారిపోవచ్చు, పేజీ నంబర్లూ ఉండవు. డిస్సర్టేషన్‌లో (చివరి ఏడాది రాసే పరిశోధన వ్యాసంలో) వాటిని ఆధారంగా చూపిస్తే గైడ్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా.

యంత్రానికి అర్థం చేసుకునే శక్తి ఉంటుందా అన్నదాని మీద అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో చెప్పిన చైనీస్ గది వాదన మా సిలబస్‌లో ఉంది. చైనీస్ రాని మనిషి గదిలో కూర్చుని నియమాల పుస్తకం చూసి చైనీస్‌లో జవాబులిచ్చినా ఆ భాష అతనికి అర్థమైనట్టు కాదు, కంప్యూటరూ అంతే అన్నది ఆ వాదన. ఇప్పటి ఏఐ సంగతేమిటని కంప్యూటర్ సైన్స్ స్నేహితులు వచ్చి అడుగుతున్నారు. దాని మీద ఇప్పుడు వస్తున్న వ్యాసాలు మాకు అందవు. తత్వశాస్త్రాన్ని నలుగురూ వెతుక్కుంటూ వస్తున్న సమయంలో మా చేతులు ఖాళీగా ఉన్నాయి.

మా అధ్యాపకులను తప్పుపట్టను. ఖాళీ పోస్టుల పాఠాలన్నీ వాళ్లే మోస్తున్నారు. వాళ్లకీ ఈ జర్నళ్లు అందడం లేదు.

దయచేసి ఆగిపోయిన జర్నళ్ల చందాలు కట్టించండి. లైబ్రరీ మూసేశాక కూడా చదువుకునేలా లాగిన్‌లు ఇప్పించండి. పోస్టులు నింపండి. అన్నీ ఒకేసారి కాకపోతే ముందు జర్నళ్లయినా ఇప్పించండి. డిస్సర్టేషన్ గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పరిశీలిస్తాం అనే జవాబు వద్దు సార్. ఏ తేదీకల్లా ఇస్తారో చెప్పండి, దాన్ని బట్టి మా పని మేము చూసుకుంటాం.

ఇట్లు,
తత్వశాస్త్ర పీజీ విద్యార్థిని