మాయావతి ఆలయం కాదు

సంపాదకులు గారికి,

ఉత్తరాఖండ్‌లోని కుమాయూన్ ప్రాంత యాత్రలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం లోహాఘాట్ దగ్గరి మాయావతి అద్వైతాశ్రమాన్ని 'వివేకానందుడు కట్టించిన ఆలయం'గా పరిచయం చేసింది. అది ఆలయం కాదు; ఆలయం కాకూడదనే నియమంతోనే అది పుట్టింది. వ్యాసం చదివి కొబ్బరికాయ పట్టుకుని వెళ్లేవారు ఉంటారు కనుక ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

హిమాలయాల్లో ఒక ఏకాంత ఆశ్రమం ఉండాలన్న తలంపు 1896లో ఆల్ప్స్ పర్వతాలలో తిరుగుతున్నప్పుడు వివేకానందులకు బలపడింది. ఆ ప్రయాణంలో ఆయన వెంట ఉన్న ఆంగ్ల దంపతులు కెప్టెన్ సేవియర్, షార్లెట్ సేవియర్ తరువాత భారతదేశానికి వచ్చి, వివేకానందుల శిష్యుడైన స్వామి స్వరూపానందతో కలిసి చోటు వెతికి, సుమారు 6,400 అడుగుల ఎత్తున అడవి నడుమ ఉన్న ఒక పాత తేయాకు తోటను సంపాదించి, 1899 మార్చి 19న ఆశ్రమాన్ని ప్రారంభించారు. చెన్నపట్నంలో పుట్టి, యువ సంపాదకుడు రాజమయ్యర్ మరణంతో ఆగిపోయి, ఆల్మోడాలో తిరిగి ప్రాణం పోసుకున్న 'ప్రబుద్ధ భారత' అనే ఆంగ్ల వేదాంత మాసపత్రిక కూడా అప్పుడే ఆ కొండకు చేరింది. వివేకానందులు అక్కడ అడుగుపెట్టింది 1901 జనవరిలో. అప్పటికి కెప్టెన్ సేవియర్ కన్నుమూసి రెండు నెలలు దాటింది. కాబట్టి 'కట్టించిన' అన్న ఒక్క మాటతో ఆ దంపతుల శ్రమ మొత్తం మరుగున పడిపోతోంది.

ఇతర మార్గాలన్నిటి పట్ల పూర్తి సానుభూతి ఉన్నా, ఈ ఆశ్రమం మాత్రం కేవలం అద్వైతానికే, అంటే జీవుడూ బ్రహ్మమూ ఒక్కటేనన్న సిద్ధాంతానికే, అంకితమని వివేకానందులు ఆశ్రమ ప్రకటన కోసం రాసి ఇచ్చారు. కనుక విగ్రహాలకూ బాహ్యపూజకూ అక్కడ చోటు లేదు. ఆచరణలో అదేమంత సులువు కాలేదు. ఆయన వెళ్లేసరికి అక్కడి సాధువులే ఒక గదిలో శ్రీరామకృష్ణుల పటం పెట్టి పూజలు చేస్తున్నారు. ఆయన నొచ్చుకున్నారు, గట్టిగానే మాట్లాడారు. అయినా తీసేయమని ఆజ్ఞాపించలేదు. ఒక్క చోటైనా బాహ్యపూజ లేకుండా ఉంటుందనుకుంటే ముసలాయన (శ్రీరామకృష్ణులు) అక్కడా వచ్చి కూర్చున్నారని తరువాత కలకత్తా దగ్గరి బేలూరు మఠంలో చమత్కరించారట. చివరకు 1902లో ఆశ్రమవాసులే ఆ పూజ ఆపేశారు. మనసు ఒప్పని ఒక సాధువు శారదామాతకు ఉత్తరం రాస్తే, మన గురువు అద్వైతి, ఆయన శిష్యులైన మీరూ అద్వైతులేనని ఆమె బదులిచ్చారు. సాక్షాత్తు గురుపత్ని నుంచి వచ్చిన ఈ తీర్పు ఎంత గొప్పదో మఠాల చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దీన్ని భక్తికి వ్యతిరేకమనుకోవడం పొరపాటు. అదే కాలంలో వివేకానందులే బేలూరు మఠంలో శ్రీరామకృష్ణుల ఆరాధన నెలకొల్పారు. ఆయన కోరినది ఒక్క మినహాయింపు మాత్రమే. విగ్రహం లేకపోతే చూడడానికి ఏముంటుందని అడిగేవారికి, చుట్టుపక్కల పల్లెల పేదల కోసం 1903లో మొదలై నేటికీ ఉచితంగా వైద్యం చేస్తున్న ఆసుపత్రిని చూపించవచ్చు. అర్ధదినపు మజిలీలో హడావుడిగా ఫొటోలు తీసుకుని వచ్చేయడం కన్నా, ముందుగా ఆశ్రమానికి రాసి, అనుమతి పొంది, రెండు రోజులు మౌనంగా ఉండి రావడం మేలని నా అభిప్రాయం.

ఈ వ్యాసాన్ని మీరు యాత్రా ప్రత్యేక సంచికలో మళ్లీ వేసే పక్షంలో, 'ఆలయం' అన్న మాట తొలగించి, సేవియర్ దంపతుల పేర్లనూ స్వరూపానందుల పేరునూ చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం