ఫిజిక్స్ ల్యాబ్‌లోకి ఫిలాసఫీని రానివ్వండి: ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి నమస్కారాలు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక పేపర్ పెట్టమని అడుగుతున్నాను. బి.ఏ., బి.ఎస్సీ. పిల్లలు ఒకే గదిలో కూర్చుని చదివే పేపర్. సగం ఫిజిక్స్, సగం ఫిలాసఫీ. కొత్త డిగ్రీ వద్దు, కొత్త బిల్డింగూ వద్దు. ఎందుకు కావాలో లోలకం ప్రయోగంతోనే చెప్తాను.

మీటరు పొడవు దారానికి గుండు కట్టి ఊపితే 20 డోలనాలకు దాదాపు 40 సెకన్లు పడుతుంది. దాన్నుంచి గురుత్వ త్వరణం, అంటే కిందపడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ ఎంత పెరుగుతుందో, లెక్కకట్టాలి. స్టాప్‌వాచ్ నొక్కడంలో సెకనులో ఐదో వంతు అటూఇటూ అయినా జవాబు 9.7 కావచ్చు, 9.9 కావచ్చు. అంటే నిజాయితీగా చేసిన క్లాసులో ఒకరి రికార్డు ఒకరితో కలవకూడదు. మన దగ్గర మాత్రం ఎవరి రికార్డు తెరిచినా పుస్తకంలోని 9.8 కనిపిస్తుంది. ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనక నుంచి పుట్టిస్తారు. పిల్లల్ని అని లాభం లేదు. పుస్తకంతో కలవకపోతే మార్కులు పోతాయని నేర్పింది లెక్చరర్లమే. ఇందులో ఇంకో తమాషా ఉంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఈ విలువ తగ్గుతుంది. 18 డిగ్రీల అక్షాంశం మీదున్న వరంగల్లో అది సుమారు 9.78. కొందరు అంత కష్టపడి వండి తెచ్చే 9.81 లండన్ వైపుది!

చేత్తో కొలిచినదాన్ని నమ్మాలా, పుస్తకంలో అచ్చయినదాన్ని నమ్మాలా? ఈ ముడి విప్పడానికి ఫిజిక్స్ సూత్రం సరిపోదు. ప్రత్యక్షం (స్వయంగా చూసింది), అనుమానం (ఆనవాలు బట్టి తేల్చింది), ఉపమానం (పోలికతో తెలిసింది), శబ్దం (నమ్మదగినవాళ్లు చెప్పిన మాట) అని మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, చెప్పింది. మన ల్యాబుల్లో చెల్లుబాటయ్యేది శబ్ద ప్రమాణం ఒక్కటే. ఆ సంగతి బి.ఎస్సీ. పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. బి.ఏ.లో ఫిలాసఫీ దొరికిన కొద్దిమందేమో ఆ నాలుగు పేర్లూ బట్టీపట్టి పరీక్షలో రాసొస్తారు, లోలకం ముఖం చూడరు.

బి.ఏ. వాళ్లకు లెక్కలు రావన్న భయం వద్దు. బరువైన రాయి తేలిక రాయికన్నా వేగంగా పడుతుందనుకుందాం. రెండింటినీ కలిపి కడితే ఏమవుతుంది? తేలికది వెనక్కి లాగుతుంది కాబట్టి వేగం తగ్గాలి. మొత్తం బరువు పెరిగింది కాబట్టి వేగం పెరగాలి. రెండూ ఒకేసారి కుదరవు గనక మొదట అనుకున్నదే తప్పు. గెలీలియో 1638లో అచ్చువేయించిన వాదన ఇది. దీనికి ఒక్క సమీకరణం అక్కర్లేదు, పట్టుబట్టి వాదించే నలుగురుంటే చాలు. ఆ పని బి.ఏ. వాళ్లే బాగా చేస్తారు.

మన చుట్టుపక్కలా సరుకుంది. రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయని ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. నీటికన్నా సాంద్రత తక్కువ కాబట్టి తేలతాయని ఫిజిక్స్ సార్ అంటాడు. వేసి చూసినవాళ్లు ఎంతమంది, మిగతావాళ్లం దేన్ని బట్టి నమ్ముతున్నామని ఫిలాసఫీ మేడం అడగాలి. మొదటి క్లాసు అక్కడే పెట్టొచ్చు.

పుస్తకం తెలుగులో ఉండాలి. ఉస్మానియా కోసం 1917లోనే అనువాద విభాగం పెట్టి సైన్సునూ ఫిలాసఫీనీ ఉర్దూలోకి తెచ్చిన హైదరాబాద్ మనది. 1968లో పుట్టిన తెలుగు అకాడమీకి ఒక చిన్న పుస్తకం బరువేమీ కాదు.

ప్రాక్టికల్ మార్కులు జవాబుకు కాకుండా, తేడా ఎందుకొచ్చిందో రాసిన పేజీకి వేయించండి. ఈ పేపర్‌ను పీరియడ్ల లెక్కన డబ్బులు తీసుకునే గెస్ట్ లెక్చరర్ నెత్తిన వేసి చేతులు దులుపుకోవద్దు. ఇద్దరు రెగ్యులర్ లెక్చరర్లు కలిసి చెప్పాలి. హనుమకొండ, వరంగల్‌లో రెండు మూడు ప్రభుత్వ కాలేజీలతో మొదలుపెట్టినా చాలు. వచ్చే దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల) నోటిఫికేషన్‌కు ముందే నిర్ణయం ప్రకటిస్తే పిల్లలు ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు చూసుకుంటారు.

ఇట్లు,
రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, హనుమకొండ